వల ఎక్కడ పెడతారండీ?

పాలకాయతిప్ప ఏడుకొండలు మావయ్య పెద్దకర్మకి మొన్న వెళ్లొచ్చాను. నిజానికి ఆయన నాకు ఏ వరసా కాడు. వాళ్లది తరతరాలుగా సముద్రం మీద బతికే కుటుంబం, మాది గుడివాడ పక్క పల్లెలోంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన్ని మావయ్యా అనడం మొదలుపెట్టాను, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. నిండుగా బతికి వెళ్లాడు. పోయే ముందురోజు కూడా టీలో పంచదార తక్కువైందని పేచీ పెట్టాడట. ఆ మాట చెబుతూ ఆయన భార్య నాంచారమ్మ అత్త నవ్వింది, నవ్వుతూనే పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. భోజనాల దగ్గర వాళ్ల బంధువొకాయన "ఈవిడెవరు?" అని అడిగితే, "ఇంజను పిల్లని ఉండేది చూడు, ఈ పిల్లే" అని చెప్పింది. నాకు మనవళ్లున్నారు, తల సగం నెరిసింది, మోకాళ్లకి నూనె రాయకపోతే మెట్లు దిగలేను. అయినా ఆ ఊళ్లో నేనింకా ఇంజను పిల్లనే. తిరిగొచ్చేటప్పుడు కోడూరు నుంచి బందరు దాకా బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను గానీ ఒక్క ఊరూ కంటికి ఆనలేదు. మనసంతా ఆ రెండేళ్ల చుట్టూనే తిరిగింది.

మా నాన్న గుడివాడలో ఒక రైస్ మిల్లులో మెకానిక్. మా ఇంట్లో ఊక వాసన, నాన్న చొక్కాలో గ్రీజు వాసన, ఆదివారం మాత్రం గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వాసన. మిల్లు మాకు రెండు వీధుల అవతల. అన్నం తింటున్నా ఆయన చెవి అక్కడే ఉండేది. ముద్ద నోటి దగ్గర ఆపి, "బెల్టు జారుతోంది" అని లేచి చెయ్యి కడుక్కునేవాడు. అమ్మ విసుక్కునేది. పక్కన కూర్చున్న నాకు కూడా కొన్నాళ్లకి ఆ చెవి వచ్చేసింది. ఒకరోజు నాన్న కంటే ముందు నేనే "బెల్టు" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. టెన్త్ అయ్యాక టైపు నేర్చుకోమని అమ్మ పోరింది, నర్సు ట్రైనింగుకి పంపమని చర్చి పెద్దలు సలహా ఇచ్చారు. నేను బందరు ట్రైనింగు స్కూల్లో ఫిట్టర్ ట్రేడుకి అప్లికేషన్ పెట్టాను. నాన్న సంతకం చేసి, "వేళ్లు జాగ్రత్త" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మీద ఆయన ఎప్పుడూ ఏమీ మాట్లాడలేదు.

బందరులో మా మేనత్త సంతోషమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. అత్తయ్యకి భర్త లేడు, పిల్లల్లేరు, ఆదివారం బడి పిల్లలున్నారు, ఒక కుట్టుమిషను ఉంది. తెల్లవారుజామున లేచి మోకరించి ప్రార్థన చేసుకునేది, ఆ ప్రార్థనలో ఊళ్లోవాళ్ల పేర్లన్నీ వచ్చేవి. పప్పు రుబ్బుతూ కీర్తన పాడేది, రోలు తిరిగే వేగాన్ని బట్టి కీర్తన వేగం మారేది. మినపప్పు రోజు నెమ్మదిగా, కొబ్బరి పచ్చడి రోజు హుషారుగా. ఆవిడ ఇంట్లో ఒకే ఒక చట్టం. భోజనానికి ముందు, "చేతులు చూపించు." మా స్కూల్లో రోజంతా ఇనుము రాసి రాసి చేతులు నల్లగా అయ్యేవి. సబ్బుకి లొంగేవి కావు. అత్తయ్య కుంకుడు పిప్పి, చింతపండు, ఆ తర్వాత కాస్త బూడిద, ఇలా వరసగా తోమించేది. అయినా గోళ్ల మూలల్లో కొంచెం నలుపు మిగిలేది. "ఇది పనివల్ల వచ్చింది, పర్లేదు" అని తనే తీర్పు చెప్పి కంచం ముందు పెట్టేది.

స్కూల్లో మొదటి మూడు నెలలూ ఆకురాయే. ఒక ఇనపముక్కని వైసులో బిగించి, నాలుగు పక్కలా సమంగా వచ్చేదాకా రాయాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే, సందులోంచి వెంట్రుకంత వెలుగు కూడా రాకూడదు. మా ఇన్‌స్ట్రక్టర్ ప్రసాదరావు గారు మంచి పనిమంతుడు, అంతకంటే మంచి మాటకారి. నా మొదటి ముక్కని వెలుతురుకి పట్టుకుని, "ఎస్తేరు రాణి గారూ, ఇందులోంచి కృష్ణా ఎక్స్‌ప్రెస్ వెళ్లేంత సందుందండీ" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. నవ్వినవాళ్ల ముక్కల్లోంచి కూడా రైళ్లు వెళ్లాయి గనక నాకు పెద్ద బాధ కలగలేదు.

రెండో ఏడు వానాకాలం వెళ్లాక మా వర్క్‌షాపుకి కొత్తరకం బేరం మొదలైంది. పాలకాయతిప్ప వైపు నుంచి చేపలుపట్టేవాళ్లు వంగిపోయిన ఇనప రాడ్డు ఒకటి బస్సు మీద వేసుకుని తెచ్చారు. గవర్నమెంటు స్కీములో కొన్ని నావలకి చిన్న డీజిల్ ఇంజన్లు ఇచ్చారట. ఇంజను నావ వెనక కూర్చుంటుంది, దాన్నుంచి పొడవాటి రాడ్డు నీళ్లలోకి దిగుతుంది, రాడ్డు చివర రెక్కలు తిరుగుతాయి. సముద్రంలో అంతా బాగానే ఉంటుంది. ఇంటికొచ్చేటప్పుడే చిక్కు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు మీదున్నప్పుడు దాటొచ్చు. పాటులో నీళ్లు తీసేశాక వస్తే రెక్కలు ఇసుకలో దిగబడి రాడ్డు వంగిపోతుంది. పోటు కోసం ఆగితే ఎండకి రొయ్యలు పాడవుతాయి. మేం ఆ రాడ్డు సాపు చేసి ఇచ్చాం. పదిహేను రోజుల్లో మళ్లీ తెచ్చారు. మూడోసారి తెచ్చినప్పుడు ప్రసాదరావు గారు, "వీళ్లు తెస్తోంది రాడ్డా, తోటకూర కాడా?" అని, "పదండి, అదేదో అక్కడికే వెళ్లి చూద్దాం" అన్నారు.

నేనూ వస్తానని పట్టుబట్టాను. అత్తయ్య ససేమిరా అంది. మగవాళ్లతో బస్సులో అంతదూరం, తెలియని ఊరు, పైగా సముద్రం. రెండు రోజులు నేను అలిగితే, మూడో రోజు బైబిలూ గొడుగూ పట్టుకుని తనే బయల్దేరింది. అలా ఒక ఇన్‌స్ట్రక్టరు, ఇద్దరు స్టూడెంట్లు, నేను, నాకు కాపలాగా సంతోషమ్మ అత్తయ్య పాలకాయతిప్ప చేరుకున్నాం. ఊళ్లో ఆ ఇంజన్లలో ఒకటి తాటాకుల కింద పడి ఉంది. దానిమీద కోడి పొదిగింది. దాన్ని లేపడానికి నాంచారమ్మ అత్త ఒప్పుకోలేదు. "ఇంకో నాలుగు రోజుల్లో పిల్లలు లేస్తయ్యి, అప్పటిదాకా పక్కింటోళ్ల ఇంజను చూసుకోండి" అంది. అత్తయ్యకి ఆవిడ వెంటనే నచ్చేసింది. సాయంత్రానికల్లా ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఎండు రొయ్యల్లో ఇసుక ఎలా తీయాలో మాట్లాడుకుంటున్నారు. అత్తయ్య కాపలా సంగతి మర్చిపోయింది.

ఏడుకొండలు మావయ్యకి అప్పటికి నలభై ఐదు ఉంటాయేమో. ఆ ఊరి నావలు చాలావరకు ఆయన చేతిమీదే తయారయ్యాయి. చెక్కని చూసేటప్పుడు దాన్ని ముందు వాసన చూసేవాడు, తర్వాత వేలితో కొట్టి వినేవాడు. ప్రసాదరావు గారు ఇసుకలో పుల్లతో బొమ్మ గీసి ఆయనకి ఉపాయం చెప్పారు. ఇంజన్ని బిగించేయకుండా ఒక ఇనప పంగ మీద తూగేటట్టు నిలబెడతాం. మేట దగ్గరికి రాగానే లోపలి పిడిని కిందికి నొక్కితే, బయట రాడ్డు ఏతంలాగా పైకి లేస్తుంది. మేట దాటాక వదిలేస్తే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. మావయ్య గొంతుక్కూర్చుని ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"బానే ఉందండీ. మరి వల ఎక్కడ పెడతారండీ?" అన్నాడు.

"వల సంగతి తర్వాత చూసుకుందాం. ముందు తూకం కుదరాలి గదా" అన్నారు ప్రసాదరావు గారు.

నేను ఆ ప్రశ్న విన్నాను, పుస్తకంలో రాసుకోలేదు.

బందరొచ్చి నెలరోజులు పనిచేశాం. లెక్కలు వేశాం, డ్రాయింగు గీశాం. ఆ డ్రాయింగు గీసింది నేనే, గీత తేడా రాకుండా మూడుసార్లు గీశాను. పంగ వెల్డింగు చేసి, ఒక పాత పడవ అడిగి తెచ్చి కాలవలో పరీక్ష పెట్టాం. పిడి నొక్కగానే రాడ్డు కొంగ మెడలా లేచింది. గట్టుమీద జనం చప్పట్లు కొట్టారు. ప్రసాదరావు గారు అందరికీ గోలీసోడా ఇప్పించారు. అత్తయ్య ఆ రోజు చేతులు చూడకుండానే అన్నం పెట్టింది.

పాలకాయతిప్పలో అసలు పరీక్ష జరిగిన పొద్దున గాలి కొంచెం ఎక్కువగా ఉంది. మావయ్యా ఇంకో ఇద్దరూ వేటకి వెళ్లి, కావాలనే పాటు మీద తిరిగొచ్చారు. మేం ఒడ్డున నిలబడి చూస్తున్నాం. మొగ దగ్గరికి రాగానే మావయ్య పిడి పట్టుకుని నొక్కాడు. అది సగం దిగి ఆగిపోయింది. కింద వల ఉంది. తడిసిన వల, అందులో చేపలు, నడుమెత్తు కుప్ప. కాలవలో పరీక్ష పెట్టిన పడవలో మేం తప్ప ఏమీ లేదు. రెక్కలు ఇసుకలో దిగబడ్డాయి, నావ అలకి అడ్డంగా తిరిగింది, రెండో అల వచ్చి దాన్ని పక్కకి ఒరిగించింది. ముగ్గురూ నీళ్లలో పడ్డారు. అత్తయ్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ గాజు నా మణికట్టు మీద అచ్చుపడింది. నాంచారమ్మ అత్త కేక వేయలేదు, చీర ఎగదోపుకుని నీళ్లలోకి నడిచింది. ఊళ్లో మగవాళ్లంతా ఆవిడ వెనక దిగారు. మనుషులు ముగ్గురూ దక్కారు. మావయ్య మోచెయ్యి దగ్గర ఇనుము కోసుకుపోయి రక్తం కారుతోంది. పట్టిన చేపంతా సముద్రంలోకే వెళ్లిపోయింది.

ఆ పూట ప్రసాదరావు గారు ఎవరి మొహమూ చూడలేకపోయారు. నేను సంచిలోంచి నా డ్రాయింగు తీసి చూసుకున్నాను. ఎంత శుభ్రంగా ఉందో. నా డ్రాయింగులో పడవ ఖాళీగా ఉంది. నెలరోజులు దాని ముందు కూర్చున్నాను గానీ, చేపలు పట్టే పడవలో వల ఉంటుందని నాకు తోచలేదు. చెప్పిన మనిషి చెప్పనే చెప్పాడు. ఏడుపొచ్చింది. మావయ్య చేతికి కట్టు కట్టించుకుని, టీ తాగి, "నేను అప్పుడే అడిగాను గదా" అని ఒక్కమాట అంటాడని చూశాను. అనలేదు. లేచి వెళ్లి ఒక పచ్చి తాటిమట్ట కోసుకొచ్చాడు.

"రాణమ్మా, ఇట్రా. ఆ కాయితం కూడా తే" అన్నాడు.

ఎడంచేత్తో మట్టని పట్టుకుని, దెబ్బ తగిలిన చేత్తోనే చిన్న నావ బొమ్మ చెక్కడం మొదలుపెట్టాడు. అందులో పంగని నావ మధ్యలోంచి ఒక మూలకి జరిపాడు. దానికింద బెత్తెడు ఎత్తు దిమ్మె పెట్టాడు. పంగ పైకీ కిందికే కాకుండా పక్కకి కూడా తిరిగేటట్టు ఒక మేకు దించాడు. అప్పుడు పిడి వల మీదుగా తిరిగి నావ అంచు దగ్గర కిందికి దిగుతుంది, వల అడ్డం రాదు. "నీళ్ల బరువు, వల బరువు, మనిషి బరువు, మూడూ వెనకే ఉంటయ్యి. నావ వెనక దిగుతది, అందుకని దిమ్మె కావాల" అన్నాడు. "ఇది ఇనుముతో చెయ్యగలరా మీరు? నాకు ఇనుము రాదు." తలెత్తి ఆ మాట అడిగినప్పుడు ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ప్రసాదరావు గారు పక్కకొచ్చి గొంతుక్కూర్చుని, "చేస్తామండీ" అన్నారు. ఆయన అండీ అనడం ఆ ఊళ్లో అదే మొదటిసారి. నేను ఆ తాటిమట్ట బొమ్మ కొలతలు తీసుకున్నాను. ఈసారి డ్రాయింగులో ముందు వల గీశాను, తర్వాత మిగతావి.

రెండోసారి పాటు మీద, నిండు వలతో, నావ మొగ దాటొచ్చింది. ఎంత సులువుగా దాటిందంటే చూడ్డానికి కూడా ఏమీ లేకపోయింది. నాంచారమ్మ అత్త కోడిపిల్లలకి నూకలు వేస్తూ, "ఇంతేనా" అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్లకి విజయవాడలో ట్రైనింగు స్కూళ్ల ఎగ్జిబిషన్ పెట్టారు. మా పంగ వెళ్లింది, పక్కన నా డ్రాయింగు. దాని కింద మూడు పేర్లు ఉన్నాయి, ప్రిన్సిపాలుగారిది, ప్రసాదరావు గారిది, నాది. పెద్ద ఆఫీసరొకాయన వచ్చి పిడి ఎత్తి దించి ముచ్చటపడి, "ఈ వల మీదుగా తిప్పే ఉపాయం ఎవరిదమ్మా?" అని సూటిగా నన్నే అడిగారు. నాలుక చివర ఏడుకొండలు అనే పేరు ఉంది. ప్రిన్సిపాలుగారు పక్కన ఉన్నారు. మా నాన్న గుడివాడ నుంచి తెల్లచొక్కా వేసుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. "మాదేనండీ" అన్నాను. షీల్డు ఇచ్చారు. నాన్న ఆ షీల్డుని మిల్లులో నలుగురికీ చూపించాడట. దాన్ని చూసే బందరులో ఒక వర్క్‌షాపువాళ్లు నన్ను అప్రెంటిసుగా తీసుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం పాలకాయతిప్ప వైపు వెళ్లలేదు. తీరిక లేదని అత్తయ్యకి చెప్పాను.

అత్తయ్యని మోసం చెయ్యడం అంత తేలిక కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, "నాంచారమ్మ ఎండు చేప పంపించింది. నువ్వెందుకు రావట్లేదని అడిగింది. ఏం చెప్పను?" అంది. చెప్పేశాను. ఆవిడ ఏమీ తిట్టలేదు. కత్తెరతో దారాలు కత్తిరించి, "రేపు మొదటి బస్సుకి వెళ్దాం" అంది.

మావయ్య నావకి నీళ్లు పట్టకుండా కీలు పూస్తున్నాడు. నిలబడి చెప్పాను, మొత్తం చెప్పాను. ఆయన కుంచె ఆపలేదు.

"పేరు పెట్టకపోతే నాకేం నష్టం లేదు రాణమ్మా. కానీ ఆ కాయితం చూసి ఇంకో ఊరోళ్లు చేయించుకుంటారనుకో. వాళ్ల మొగ వేరుగా ఉంటది. ఏదన్నా తేడా వస్తే ఎవర్ని అడుగుతారు? పేరు చూసుకుని నీ దగ్గరకొస్తారు. నీకు వల సంగతి తెలవదు గదా."

అంతవరకు పేరంటే గొప్ప అనుకున్నాను. అది చిరునామా అని ఆయన చెబితే తెలిసింది. వెంటనే ఏమీ చెయ్యలేకపోయాను. ఏళ్ల తర్వాత అదే స్కూల్లో ఇన్‌స్ట్రక్టరుగా చేరినప్పుడు నేను చేసిన మొదటి పని, ఆ డ్రాయింగుని కొత్త కాగితం మీద మళ్లీ గీసి, ఉపాయం చెప్పినవారు అని రాసి ఆయన పేరూ ఊరూ పెట్టడం. బంటుమిల్లి అవతల నుంచి ఇద్దరు ఆ కాగితం పట్టుకుని నిజంగానే పాలకాయతిప్ప వెళ్లారని తర్వాత విన్నాను.

ఇప్పుడు బందరు మారిపోయింది. పోర్టు పని మొదలయ్యాక రోడ్డుమీద లారీల దుమ్ము. ట్రైనింగు సెంటర్లలో బెంచీకి సగంమంది ఆడపిల్లలే, నాలాగా ఒక్కత్తే నిలబడి నవ్వులపాలు కానక్కర్లేదు. డ్రాయింగు కంప్యూటర్లో గీస్తున్నారు, గీత తేడా వచ్చే ప్రశ్నే లేదు. సంతోషంగానే ఉంటుంది చూస్తే. చెక్క నావలు పోయి ఫైబర్ బోట్లు వచ్చినప్పుడు మావయ్య చేతికి పని పోయింది. అందులో మా ఇంజను వాటా ఎంతో నాకు తెలియదు, లేదని మాత్రం అనను. ఆయన ఓ ఏడాది ఊరికే కూర్చుని, తర్వాత ఫైబర్ అతుకులు వెయ్యడం నేర్చుకున్నాడు, వాసన మాత్రం చచ్చేదాకా తిట్టాడు. మాకప్పుడు తెలివి తక్కువ, తీరిక ఎక్కువ. మూడోసారి రాడ్డు వంగితే బస్సెక్కి వెళ్లి చూశాం. ఇప్పటి పిల్లలు నాకంటే బాగా చదువుకున్నారు. వాళ్లని బస్సెక్కించేవాళ్లే తగ్గిపోయారనిపిస్తుంది.

నేను ఇన్‌స్ట్రక్టరైన రెండో ఏడు, మా పిల్లలకి ఒక పాఠం చెప్పమని మావయ్యని బందరు తీసుకొచ్చాను. ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. బయటివాళ్లు పాఠం చెప్పాలంటే ఆఫీసులో ఒక ఫారం నింపాలి. మా గుమాస్తా మంచివాడే, రూలంటే రూలు. పేరు రాశాడు, ఊరు రాశాడు, తర్వాతి గడి దగ్గర కలం ఆపాడు.

"క్వాలిఫికేషను ఏం రాయమంటారండీ?"

"అంటే?" అన్నాడు మావయ్య.

"ఏం చదువుకున్నారని. ఎంతవరకు నేర్చుకున్నారని."

మావయ్య నా వంక చూశాడు. నేను సాయం చేద్దామని నోరు తెరిచేలోపు, ఆయనే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"నేను చేసిన పడవల్లో రెండు మునిగినయ్యండీ. రెండూ ఎందుకు మునిగినయ్యో నాకు తెలుసు. అది రాసుకోండి."

గుమాస్తా తల వంచుకుని ఆ మాటలు అలాగే రాశాడు.